రౌటర్ భాషకూ ఒక వ్యాకరణం ఉంది

తెలుగు బోధించేవారికి రౌటర్లతోను, స్విచ్చులతోను ఏమి సంబంధమని కొందరు మిత్రులు ఆశ్చర్యపడవచ్చు. సంబంధం ఉన్నదనియే మా మనవి. ఆ యంత్రాలతో మాట్లాడే పద్ధతికి కమాండ్ లైన్ అని పేరు. అందులో పదాలున్నాయి, పదాలకు ఒక వరుస ఉంది, వరుస తప్పితే దోషం ఉంది. ఎక్కడ పదమూ, వరుసా, దోషమూ ఉంటాయో అక్కడ వ్యాకరణం ఉంటుంది. వ్యాకరణం ఉన్నచోట భాషోపాధ్యాయుడు ఒక మాట చెప్పడం అనధికార ప్రసంగం కాజాలదు.

ఈ విషయం ఇప్పుడే ఎత్తుకోవడానికి కారణం ఉంది. మన కళాశాలలో తెలుగు మాధ్యమం నుంచి, ఉర్దూ మాధ్యమం నుంచి వచ్చే విద్యార్థులు నెట్‌వర్కింగ్ పాఠ్యాంశాన్ని ఎన్నుకొనడానికి జంకుతున్నారు. “అది ఇంగ్లీషు బాగా వచ్చినవారికి, జ్ఞాపకశక్తి దండిగా ఉన్నవారికి తగినది” అన్న అభిప్రాయం వారిలో బలంగా నాటుకొని ఉంది. దురదృష్టవశాత్తు మన పరీక్షాపద్ధతి కూడా ఆ అభిప్రాయాన్నే బలపరుస్తున్నది. విద్యార్థి కాగితం మీద, కలంతో, నలభై యాభై ఆజ్ఞలను అక్షరం పొల్లుపోకుండా వ్రాయవలెనట! ఈ రెండు అపోహలూ ఒకే మూలం నుంచి పుట్టినవి. కమాండ్ లైన్‌ను భాషగా కాక పద్యసంపుటిగా భావించడమే ఆ మూలం.

మొదట ఇంగ్లీషు సంగతి చూద్దాం. సిస్కో వారి రౌటర్‌తో మాట్లాడడానికి కాలాలు అక్కరలేదు, లింగవచనాలు అక్కరలేదు, ఆర్టికల్స్ అసలే అక్కరలేదు. అది కేవలం విధ్యర్థక వాక్యాల భాష. క్రియ ముందు, కర్మ తరువాత, విశేషణాలు చివర. మన తెలుగులోను, ఉర్దూలోను క్రియ వాక్యాంతంలో వస్తుంది కనుక తొలి రెండు రోజులు కొంత తడబాటు ఉంటుంది. “చూపుము” అన్న మాటను ముందు పలికి, ఏమి చూపవలెనో తరువాత చెప్పడం అలవాటు కావాలి. అంతే. వ్యతిరేకార్థానికి ప్రతి ఆజ్ఞకు ముందు ‘నో’ అన్న పదం చేర్చితే చాలు. ఈ ఒక్క విషయంలో ఉర్దూ విద్యార్థిదే పైచేయి. “మత్ జావ్” అన్నప్పుడు నిషేధం ముందే వినిపిస్తుంది. “వెళ్లకు” అనే తెలుగువాడు చివరిదాకా ఆగవలసి ఉంటుంది! రోజువారీ పనికి కావలసిన క్రియాపదాలు వ్రేళ్లమీద లెక్కించదగినవి. ఇంతటి చిన్న నిఘంటువుకు భయపడి, పదో తరగతి వరకు మూడు భాషలు చదివి నెట్టుకువచ్చిన మన పిల్లలు వెనుకంజ వేయడం మాకు నచ్చడం లేదు.

ఇక వ్యాకరణం. సంస్కృత వ్యాకరణం చదివినవారికి అధికార సూత్రమంటే తెలుసు. పాణిని ఒక సూత్రంలో ఒక మాట చెప్పి, అది ఫలానా హద్దు వరకు తరువాతి సూత్రాలన్నింటికీ వర్తిస్తుందని ఏర్పాటు చేశాడు. అందువల్ల ప్రతి సూత్రంలోను ఆ మాటను తిరిగి చెప్పనక్కరలేకపోయింది. రౌటర్‌లోని ‘మోడ్’ అనబడేది సరిగ్గా ఇటువంటిది. ‘ఇంటర్‌ఫేస్’ అని ఒక ద్వారం పేరు చెప్పి లోపలికి ప్రవేశిస్తే, ఆ తరువాత ఇచ్చే చిరునామా గాని, వర్ణన గాని, ‘నో షట్‌డౌన్’ గాని ఆ ద్వారానికే చెందుతాయి. ‘ఎగ్జిట్’ అంటే ఒక మెట్టు వెనక్కి వస్తాము. ‘ఎండ్’ అంటే ఎంత లోతున ఉన్నా ఒక్కసారిగా బయటపడతాము. మనం ఏ అధికారంలో ఉన్నామో తెలిపేది ప్రాంప్ట్. చివర ‘>’ ఉంటే కేవలం సందర్శకులం. ‘ఎనేబుల్’ చేసిన పిదప ‘#’ కనిపిస్తే యజమానులం. దాని ముందు కుండలీకరణంలో ‘కాన్ఫిగ్’ అని కనిపిస్తే, మనం పలికే ప్రతి మాటా వెంటనే అమలుకు వస్తుందని అర్థం. ప్రాంప్ట్ వైపు చూడకుండా ఆజ్ఞ కొట్టే విద్యార్థి, ఏ గదిలో ఉన్నాడో చూసుకోకుండా దీపం ఆర్పేవానితో సమానం. యంత్రానికి మంచి పేరు పెట్టమని కూడా ఇందుకే చెప్పడం. ప్రాంప్ట్‌లో మొదట కనిపించేది ఆ పేరే. నాలుగు కిటికీలు తెరిచి, నాలుగింటిలోను ‘రౌటర్’, ‘రౌటర్’ అనే కనబడుతుంటే ఒకరికి చేయవలసిన వైద్యం మరొకరికి జరగడం ఖాయం.

ఇక యంత్రం చూపే దోషాల విషయానికి వస్తే, అవి మాకు పరమానందం కలిగించాయని ఒప్పుకొని తీరాలి. మన శాస్త్రకారులు వాక్యానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి ఉండవలెనన్నారు. రౌటర్ ఆజ్ఞను నిరాకరించినప్పుడు ఇచ్చే సమాధానాలు ముఖ్యంగా మూడు. ‘ఇన్‌కంప్లీట్ కమాండ్’ అన్నదంటే వాక్యంలో ఆకాంక్ష తీరలేదన్నమాట. ఇంకా ఏదో పదం కోసం యంత్రం ఎదురుచూస్తున్నది. ‘ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్’ అన్నదంటే ఆ స్థానంలో ఆ పదానికి యోగ్యత లేదు. అంతటితో ఊరుకోక, ఎక్కడ తప్పు మొదలయిందో సరిగ్గా ఆ అక్షరం క్రింద టోపీ వంటి చిన్న గుర్తు పెట్టి చూపుతుంది. వ్యాసాలు దిద్దే మాబోటి వారు కూడా అంత ఓర్పుగా ప్రతిచోట గుర్తు పెట్టరు. ‘యాంబిగ్యుయస్ కమాండ్’ అన్నదంటే మాట సందిగ్ధం. రెండు అర్థాలు వస్తున్నాయి, తేల్చి చెప్పమని అడుగుతున్నది. ఈ మూడు వాక్యాలకు తేడా తెలిసిన విద్యార్థి సగం విద్య నేర్చినట్లే. తెలియనివాడు మూడింటికీ “ఎర్రర్ వచ్చింది సార్” అనే ఒకే మాట చెబుతాడు.

సందిగ్ధమన్నది సంక్షిప్త రూపాల వల్ల వస్తుంది. ఈ భాషలో పదాన్ని పూర్తిగా వ్రాయనక్కరలేదు. మరొక పదంతో కలిసిపోనంత వరకు వ్రాస్తే చాలు. ‘కాన్ఫిగర్ టెర్మినల్’ అన్న ఆజ్ఞలో 17 అక్షరాలు. అనుభవజ్ఞులు ‘కాన్ఫ్ టీ’ అని 5 అక్షరాలతో సరిపెడతారు. ఆ ‘ఎఫ్’ను కూడా ఎందుకు వదలకూడదని అడిగితే, సి, ఓ, ఎన్ అన్న మూడక్షరాలతో ‘కనెక్ట్’ అనే మరొక ఆజ్ఞ కూడా ఆరంభమవుతుంది కనుక అని సమాధానం. ద్వారాలన్నింటి స్థితిని ఒక్క చూపులో చూపే ‘షో ఐపీ ఇంటర్‌ఫేస్ బ్రీఫ్’ 20 అక్షరాల ఆజ్ఞ. 9 అక్షరాలతో అదే పని జరుగుతుంది. సూత్రకారులు అల్పాక్షరత్వాన్ని, అసందిగ్ధతను జంటగా ఎందుకు కోరారో ఈ ఉదాహరణతో చెప్పినంత సులభంగా తరగతిలో మరి దేనితోను చెప్పలేము. ఎంత తగ్గించవచ్చో తెలియనప్పుడు ట్యాబ్ మీట నొక్కితే చాలు. సందిగ్ధం లేనిచోట యంత్రమే పదాన్ని పూర్తిచేస్తుంది.

అన్నింటికంటె గొప్ప సదుపాయం ప్రశ్నార్థక చిహ్నం. పదం మధ్యలో ఎడం లేకుండా ‘?’ కొడితే ఆ అక్షరాలతో మొదలయ్యే పదాలన్నీ వస్తాయి. పదం తరువాత ఒక ఎడం విడిచి ‘?’ కొడితే ఆ స్థానంలో రాదగిన పదాలన్నీ, ఒక్కొక్కదానికి ఒక చిన్న అర్థంతో సహా వస్తాయి. వాక్యం అక్కడితో ముగియవచ్చునంటే అదీ చెబుతుంది. ఒక్క ఎడంతో ప్రశ్న స్వరూపమే మారిపోతున్నది. మొదటిది నిఘంటువును అడగడం, రెండవది వ్యాకరణాన్ని అడగడం. తెలియనిది అడిగినందుకు కోప్పడని, ఎన్నిసార్లు అడిగినా విసుగుకొనని గురువు ఇంతకంటె ఎక్కడ దొరుకుతాడు? మన విద్యార్థులు ఆ గురువును అడగడానికి కూడా సిగ్గుపడుతున్నారు. ప్రశ్నార్థకం కొడితే రాదని తేలిపోతుందని వారి భయం. నిజానికి ఏళ్ల తరబడి ఈ వృత్తిలో ఉన్నవారు రోజుకు ఎన్నోసార్లు కొట్టే మీట అదే.

మిగిలిన సదుపాయాలను టూకీగా చెప్పి ముందుకు పోతాము. పై బాణం మీట నొక్కితే వెనుకటి ఆజ్ఞలు తిరిగి వస్తాయి. మామూలుగా చివరి 10 జ్ఞాపకం ఉంటాయి, కావలసిన మేరకు పెంచుకోవచ్చు. కంట్రోల్ మీటతో ‘ఏ’ నొక్కితే పంక్తి మొదటికి, ‘ఈ’ నొక్కితే చివరికి పోవచ్చు. ‘డబ్ల్యూ’ నొక్కితే ఒక పదం, ‘యూ’ నొక్కితే ముందున్న పంక్తి యావత్తూ చెరిగిపోతుంది. పొడవైన సమాధానం వచ్చి ‘మోర్’ వద్ద ఆగినప్పుడు ఖాళీ మీట నొక్కుతూ కూర్చోవడం కాలహరణం. నిలువుగీత గుర్తు తరువాత ‘ఇన్‌క్లూడ్’ అని కావలసిన మాట చేర్చితే ఆ మాట ఉన్న పంక్తులే వస్తాయి, ‘సెక్షన్’ అంటే ఆ భాగమంతా వస్తుంది. అయితే ఇక్కడ పెద్దబడి, చిన్నబడి అక్షరాల భేదం ఉంది. ద్వారాల పేర్లు పెద్దబడి అక్షరంతో మొదలవుతాయి. చిన్నబడిలో వెదికి ఏమీ లేదని నిరాశపడేవారు ప్రతి తరగతిలోను ఉంటారు. కాన్ఫిగ్ అధికారంలో ఉండగానే ఏదైనా చూడవలసి వస్తే బయటకు వచ్చి పోనక్కరలేదు, ‘డూ’ అన్న మాట ముందు చేర్చితే సరి.

మరొక్క తమాషా కూడా చెప్పాలి. కాన్ఫిగ్‌లోకి పోకముందు ఏదైనా ఒంటి పదాన్ని తప్పుగా కొడితే, రౌటర్ దానిని దూరానున్న మరొక యంత్రం పేరుగా భ్రమపడి, ఆ పేరుగలవాడు ఎక్కడున్నాడో వెదకడానికి బయలుదేరుతుంది. అంతసేపూ మీటలు పనిచేయవు. కంగారుపడిన విద్యార్థి విద్యుత్తు ఆపివేస్తాడు. కంట్రోల్, షిఫ్ట్, ఆరు అంకె మీటలను కలిపి నొక్కితే వెదుకులాట ఆగుతుందని, ‘నో ఐపీ డొమైన్ లుకప్’ అంటే ఆ వెదుకులాటే ఉండదని మొదటి రోజే చెప్పితే ఎన్ని గుండెదడలు తప్పేవో!

ఇంతవరకు చెప్పినది వేగాన్ని గురించి. కాని సమర్థత అంటే వేగమొక్కటే కాదు. ఈ వృత్తిలో ఒక్క పదం వదిలివేయడం ఎంతటి నష్టానికి దారితీస్తుందో చూడండి. రెండు స్విచ్చుల నడుమ ఉన్న ఒకే తీగ మీద పలు విభాగాల సమాచారం ప్రయాణిస్తుంది. ఆ విభాగాలకు వీలాన్ అని పేరు, ఒక్కొక్కదానికి ఒక సంఖ్య. ఆ తీగ మీద 10, 30, 40 సంఖ్యలకు అనుమతి ఉన్నదనుకొందాం. క్రొత్తగా 50 కి అనుమతి ఇవ్వాలి. ‘స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీలాన్ యాడ్ 50’ అని కొట్టాలి. ‘యాడ్’ అన్న మాట మరచినామా, యంత్రం ఎటువంటి దోషమూ చూపదు. వాక్యం నిర్దుష్టమే. కాని దాని అర్థం వేరు. 50 కి తప్ప మరి దేనికీ అనుమతి లేదని అర్థం. మిగిలిన మూడు విభాగాలూ ఆ క్షణంలోనే తెగిపోతాయి. ఆజ్ఞ ఇచ్చినవాడు దూరంగా కూర్చొని 10 వ సంఖ్య విభాగం ద్వారానే లోపలికి వచ్చి ఉంటే, తాను కూర్చున్న కొమ్మను తానే నరుక్కున్నాడన్నమాట. వ్యాకరణదోషాన్ని యంత్రం పట్టుకొంటుంది. వివక్షాదోషాన్ని మనిషే పట్టుకోవాలి.

ఇది చిన్న సంస్థలకే పరిమితమైన ముచ్చట కాదు. 2021 అక్టోబరు 4 న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ ఒక్కుమ్మడిగా మూగవోయాయి. నిర్వహణలో భాగంగా, తమ వెన్నెముక వంటి అంతర్జాలమార్గాల సామర్థ్యాన్ని అంచనా వేయడానికి ఇచ్చిన ఒక ఆజ్ఞ ఆ మార్గాలన్నింటినీ తెంచివేసిందని ఆ సంస్థ ఇంజనీర్లే తరువాత ప్రకటించారు. అటువంటి ఆజ్ఞలను ఆపవలసిన తనిఖీ సాధనంలోనూ లోపం ఉండడంతో అది ఆపలేకపోయింది. దూరం నుంచి లోపలికి పోయే దారులు కూడా మూతపడినందున మనుషులు స్వయంగా యంత్రాల వద్దకు వెళ్లవలసి వచ్చింది. సుమారు ఆరు గంటలపాటు కోట్లాది జనం, గల్ఫ్‌లో ఉన్న కుటుంబ పెద్దతో వాట్సాప్‌లో మాట్లాడే మన ఇండ్లవారు సైతం, ఎదురుచూశారు.

జాగ్రత్త కూడా కమాండ్ లైన్‌లోనే ఉంది. సిస్కో యంత్రంలో మనం చేసే మార్పు తక్షణం అమలవుతుంది గాని శాశ్వతం కాదు. నడుస్తున్న అమరిక వేరు, భద్రపరచిన అమరిక వేరు. మొదటిదాన్ని రెండవదానిలోకి కాపీ చేసేవరకు, విద్యుత్తు పోయి వస్తే మార్పులన్నీ మాయమవుతాయి. ఈ గుణాన్నే రక్షణగా వాడుకోవచ్చు. దూరాన ఉన్న యంత్రంలో ప్రమాదకరమైన మార్పు చేయవలసి వస్తే, ముందు ఉన్న అమరికను భద్రపరచి, ‘రీలోడ్ ఇన్ 10’ అని చెప్పాలి. అంటే పది నిమిషాలలో తిరిగి మొదలు కమ్మని ఆజ్ఞ. అప్పుడు మార్పు చేయాలి. దారి తెగిపోయిందా, పది నిమిషాలలో యంత్రం పాత అమరికతో లేచి కూర్చుంటుంది. అంతా సవ్యంగా ఉన్నదా, ‘రీలోడ్ క్యాన్సిల్’ అని చెప్పి, ఆ తరువాతనే భద్రపరచాలి. జూనిపర్ సంస్థవారు ఈ వివేకాన్ని యంత్రంలోనే ఇమిడ్చారు. వారి యంత్రంలో మార్పులు ‘కమిట్’ అన్నప్పుడే అమలవుతాయి. ‘కమిట్ కన్ఫర్మ్‌డ్’ అంటే, మామూలుగా పది నిమిషాలలోపల మనం తిరిగి ధ్రువపరచకపోతే పాత స్థితికి అదే వెళ్లిపోతుంది. కాగితం మీద ఆజ్ఞలు వ్రాసి నూటికి ఎనభై మార్కులు తెచ్చుకొన్న విద్యార్థిని ఈ క్రమం అడిగి చూడండి. అడిగిన ప్రశ్నాపత్రం ఒక్కటీ మా కంటబడలేదు.

కంఠస్థం మీద మాకు చిన్నచూపు ఉన్నదని ఎవరూ భావించవలదు. మన ఇండ్లలో పసివాడు ఖురాన్ యావత్తూ కంఠస్థం చేసి హాఫిజ్ అయితే ఊరంతా సంతోషిస్తుంది. శతకపద్యాలు నోటికి రానివాడు తెలుగు చదువరి కానేకాదని మేము ఈనాటికీ తరగతిలో అంటాము. కాని ఆ పాఠాలు మారనివి. ఒక అక్షరం మార్చే హక్కు ఎవరికీ లేదు, కనుక కంఠస్థమే వాటికి తగిన విద్య. రౌటర్ ఆజ్ఞలు అటువంటివి కావు. సిస్కో ‘షో’ అన్నచోట హువావే ‘డిస్‌ప్లే’ అంటుంది. ‘నో’ అన్నచోట ‘అన్‌డూ’ అంటుంది. ‘కాన్ఫిగర్ టెర్మినల్’ బదులు ‘సిస్టమ్ వ్యూ’ అంటుంది. వల్లెవేసినవాడు అక్కడ నిలువునా ఆగిపోతాడు. వ్యాకరణం తెలిసినవాడు ప్రశ్నార్థకం కొట్టి, అరగంటలో దారి పట్టుకొంటాడు. రియాద్‌లో గాని, దుబాయిలో గాని, హైదరాబాదులోనే గాని, ఉద్యోగానికి వెళ్లిన మన విద్యార్థికి ఏ సంస్థ యంత్రం ఎదురవుతుందో మనం ముందుగా చెప్పగలమా? సర్టిఫికెట్ల కోసం ‘డంపు’లనే ప్రశ్నల కట్టలు కొని బట్టీపట్టే దురాచారం కూడా మన పిల్లలలో ప్రవేశించింది. అది పరీక్షను గట్టెక్కించవచ్చు. మొదటి రాత్రి డ్యూటీలో లింకు తెగినప్పుడు ఆ కట్టలోని ఏ ప్రశ్నా వచ్చి నిలబడదు.

ఈ రోజులలో కమాండ్ లైన్ నేర్వడం వృథా అనేవారున్నారు. మౌస్‌తో పనిచేసే తెరలు వచ్చాయి, పైథాన్, యాన్సిబుల్ వంటివాటితో వంద యంత్రాలను ఒకేసారి మార్చవచ్చు, కృత్రిమ మేధను అడిగితే ఆజ్ఞలు అదే వ్రాసి ఇస్తుంది, ఇక నేర్వడమెందుకని వారి వాదం. ఇందులో కొంత నిజం ఉంది. వంద స్విచ్చులకు ఒకే మార్పును చేతితో కొడుతూ కూర్చోవడం సమర్థత కాదు. కాని ఆ సాధనాలు ఎక్కువగా పంపేది ఈ ఆజ్ఞలనే. ‘యాడ్’ లేని వాక్యాన్ని చేతితో కొట్టినవాడు ఒక తీగను తెంచుతాడు. దానినే సాధనానికి అప్పగించినవాడు వందింటిని తెంచుతాడు. కృత్రిమ మేధ ఇచ్చిన పది పంక్తులలో లేని ఆ ఒక్క మాటను కనిపెట్టడానికైనా ఆ భాష చదవడం రావాలి గదా! పైగా నెట్‌వర్క్ కూలిపోయినప్పుడు బొమ్మల తెరలూ సాధనాలూ చేరలేనిచోటికి కన్సోల్ తీగ చేరుతుంది. యంత్రం ముందు నిలబడి, ఆ తీగను తగిలించి, సాధారణంగా 9600 వేగంతో తెరుచుకొనే ఆ నల్లని తెర మీద, పలకరించడం తెలిసినవానికే అది పలుకుతుంది.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపాలు స్వల్పమైనవి. క్రొత్త యంత్రాలు కొనవలెనని మేము కోరడం లేదు. సంస్థలు వాడి తీసివేసిన పాత రౌటర్లు రెండు, స్విచ్చులు రెండు, కన్సోల్ తీగలు నాలుగు ఉంటే నేర్వడానికి చాలు. సిస్కో వారి ప్యాకెట్ ట్రేసర్ విద్యార్థులకు ఉచితంగానే లభిస్తున్నది. దానిలో అన్ని ఆజ్ఞలూ పనిచేయవు గాని, మేము పైన చెప్పిన ప్రశ్నార్థకం, సంక్షిప్త రూపాలు, మోడ్‌లు అన్నీ అభ్యసించవచ్చు. ప్రయోగశాలను అసర్ నమాజు తరువాత ఒక గంటసేపు తెరిచి ఉంచే ఏర్పాటు చేస్తే, ఇంటివద్ద కంప్యూటర్ లేని విద్యార్థినులు ముఖ్యంగా ప్రయోజనం పొందుతారు. వారిలో కొందరికి చీకటిపడక మునుపే ఇల్లు చేరవలసిన నిర్బంధం ఉంది కనుక శీతకాలంలో ఆ గంటను మధ్యాహ్నానికి మార్చవలసి ఉంటుంది.

విశ్వవిద్యాలయం ప్రశ్నాపత్రం మన చేతిలో లేదు. అంతర్గత పరీక్ష మన చేతిలోనే ఉంది. దానిని కాగితం మీద నుంచి తీసివేసి యంత్రం ముందు పెట్టవచ్చు. రెండు రౌటర్లను పాడుచేసి ఇచ్చి, బాగుచేయమని అడగవచ్చు. బాగుచేయడానికి ముందు ఏ ‘షో’ ఆజ్ఞలు వాడాడో, వచ్చిన సమాధానం నుంచి ఏమి గ్రహించాడో తెలుగులోనో ఉర్దూలోనో చెప్పనిచ్చి, దానికి సగం మార్కులు ఇవ్వవచ్చు. ఇప్పుడు అమలులో ఉన్న సూచనల పత్రంలో “ఆజ్ఞలను సంక్షిప్తంగా వ్రాయరాదు, సహాయం వాడరాదు” అన్న పంక్తి ఒకటి ఉంది. వచ్చే విద్యాసంవత్సరం పత్రం అచ్చుకు పోకముందే ఆ పంక్తిని కొట్టివేయించవలసిందిగా కమిటీవారిని కోరుతున్నాము.